బ్రిటిష్ వయొలిన్ కన్సర్టోలు: ఎల్గార్ తర్వాత ఏం వినాలి?

ప్రశ్న: రిటైరయ్యాక ఏడాదిలో సగం రోజులు లండన్ పక్కన క్రాయ్‌డన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. చిన్నప్పుడు విజయనగరంలో కొన్నేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, ఉద్యోగంలో పడ్డాక వదిలేశాను. ఈమధ్య రేడియోలో ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ వయొలిన్ కన్సర్టో విన్నాను. చాలా నచ్చింది. ఇలాంటివి బ్రిటన్‌లో ఇంకా చాలా రాశారని, రికార్డులు కూడా ఉన్నాయని, కచేరీల్లో మాత్రం ఎవరూ వాయించరని పక్కింటి పెద్దాయన చెప్పారు. నిజంగా బాగుంటే ఎందుకు వాయించరు? నేను వినబోతే పది నిమిషాలకే దారి తప్పుతున్నాను. పట్టుకోవడానికి రాగం లేదు, తాళం లేదు. వేటితో మొదలుపెట్టమంటారు? ఈ వయసులో వాటిలో కొంచెమైనా నేను వాయించగలనా?
ఒక పాఠకుడు, క్రాయ్‌డన్

సమాధానం:

ఎవరూ వాయించడం లేదంటే అంత గొప్పవి కావేమో అన్న అనుమానం మీ ఉత్తరంలో కనిపిస్తోంది. కొన్నిటి విషయంలో అది నిజమే, వాటి సంగతి తర్వాత చెబుతాను. మిగతావాటిని జనం విని వద్దనలేదు. రెండోసారి వినిపించే దిక్కు లేక అవి ఆగిపోయాయి.

సింఫనీ అయితే ఒక్క కండక్టర్ పట్టుబడితే చాలు, తన ఆర్కెస్ట్రాతో వాయించేస్తాడు. కన్సర్టో అంటే ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కృతి, దానికి అలా కుదరదు. దాన్ని కంఠతా పట్టి ఊరూరా తిప్పే వయొలిన్ విద్వాంసుడు కావాలి. అరగంట కృతిని చేతికి ఎక్కించుకోవడానికి ఆయనకి నెలలు పడుతుంది. అంత కష్టపడ్డాక ఏడాదికి ఒక్క కచేరీ దొరికితే గిట్టుబాటు కాదు. అదే బ్రామ్స్, మెండెల్సన్ అయితే ఏ ఊళ్ళోనైనా అడిగి మరీ వాయించుకుంటారు. ఆర్కెస్ట్రాల లెక్కలు ఆర్కెస్ట్రాలవి. తెలియని కృతికి రిహార్సల్ ఎక్కువ కావాలి, ఒక్కో వాద్యానికి రాసిన కాగితాలు ప్రచురణకర్త దగ్గర అద్దెకి తెచ్చుకోవాలి, ఇంతా చేసి టికెట్లు అమ్ముడవుతాయో లేదో అని టెన్షన్. అందుకే ఈ కన్సర్టోల కథ తెలుసుకోవాలంటే రాసినవాళ్ళ వెనక కంటే వాయించినవాళ్ళ వెనక వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం.

మీకు నచ్చిన ఎల్గార్ కన్సర్టోనే చూడండి. 1910 నవంబర్ 10న లండన్ క్వీన్స్ హాల్లో ఫ్రిట్జ్ క్రైస్లర్ దాన్ని మొదటిసారి వాయించాడు, ఎల్గార్ స్వయంగా ఆర్కెస్ట్రా నడిపాడు. అంకితం కూడా క్రైస్లర్‌కే. ఆ క్రైస్లర్ దాన్ని ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు. 1916లో మేరీ హాల్ అనే ఆవిడ వాయించగా ఒక రికార్డు వచ్చింది కానీ, దాదాపు 50 నిమిషాల కృతిని రెండు రికార్డుల నాలుగు పక్కల్లోకి కుదించేశారు. మైకులు లేని కాలం, అంతా శబ్దాన్ని పట్టే గొట్టం ముందు నిలబడి వాయించాల్సిందే. చివరి భాగంలో వయొలిన్ ఒంటరిగా పాత స్వరాలన్నీ నెమరేసుకునే చోట, వెనక తంత్రులన్నీ వేళ్ళతో మెల్లగా మీటుతూ ఉంటాయి కదా, ఆ మీటు గొట్టానికి వినపడదని ఎల్గార్ అక్కడ హార్ప్ పెట్టాడు.

ఈ కృతిని నిలబెట్టింది ఆల్బర్ట్ సామన్స్. లండన్‌లో పుట్టి, గురువుల దగ్గర పెద్దగా నేర్చుకోకుండానే పైకొచ్చినవాడు. వాల్డార్ఫ్ హోటల్లో భోజనాల వేళ వాయిస్తుంటే కండక్టర్ థామస్ బీచమ్ విని, తన ఆర్కెస్ట్రాలో వయొలిన్ల నాయకుడిగా తీసుకెళ్ళాడు. సామన్స్ ఈ కన్సర్టోని వందసార్లకి పైగా వాయించాడంటారు. 1929లో హెన్రీ వుడ్‌తో చేసిన రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. మూడేళ్ళ తర్వాత, 1932లో, పదహారేళ్ళ యెహూదీ మెనూహిన్ వాయించగా 75 ఏళ్ళ ఎల్గార్ కండక్ట్ చేసిన ప్రసిద్ధ రికార్డు వచ్చింది. రేడియోలో మీరు విన్నది ఎవరిదో రాయలేదు. ఏదైనా సరే, ఈ రెండూ పక్కపక్కన వినండి. సామన్స్ చకచకా సాగిపోతాడు, మెనూహిన్ ఒక్కో స్వరం దగ్గర నిలబడి చూస్తాడు. నా ఓటు సామన్స్‌కే. ఈ మాటకి నాతో గొడవపడే స్నేహితులున్నారు.

మీరు విజయనగరం అన్నారు కాబట్టి చిన్న పక్కదారి. ఆ 1932 రికార్డింగ్ వెనక ఉన్న ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయనే, ముప్పై ఏళ్ళ ముందు, 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసింది. మెనూహిన్ 1952లో మన దేశం వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారింట్లో విజయనగరంలో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని ముగ్ధుడయ్యాడని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మీరు నేర్చుకున్న ఊరి వయొలిన్ ఆయన చెవిన పడిందన్నమాట.

ఇక వాయించేవాళ్ళ మీద ఒక కృతి తలరాత ఎంత ఆధారపడుతుందో చూడాలంటే వాల్టన్ని, బాక్స్‌ని పక్కపక్కన పెట్టాలి. విలియం వాల్టన్‌ని కన్సర్టో రాయమని అడిగింది యాషా హైఫెట్జ్. అప్పటికి వయొలిన్ అంటే ఆయన పేరే. వాల్టన్ 1938లో ఇటలీలో రవెల్లో అనే ఊళ్ళో కూర్చుని రాస్తుంటే సాలీడు కుట్టిందట. ఆ సరదాకి రెండో భాగంలో నేపుల్స్ వైపు ఆడే టరాంటెల్లా నాట్యాన్ని పెట్టాడు. సాలీడు కుట్టినవాళ్ళు ఆడే ఆట అని దానికి పేరు. 1939 డిసెంబర్ 7న అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో హైఫెట్జ్ దాన్ని వాయించాడు, 1941లో రికార్డు చేశాడు, 1950లో వాల్టన్ కండక్ట్ చేస్తుండగా మళ్ళీ రికార్డు చేశాడు. అంతటివాడు రెండుసార్లు ముద్ర వేశాక ఆ కృతి బాగుందా లేదా అని ఎవరడుగుతారు?

ఆర్నాల్డ్ బాక్స్ కూడా సరిగ్గా అదే 1938లో వయొలిన్ కన్సర్టో ముగించాడు. అదీ హైఫెట్జ్‌ని మనసులో పెట్టుకుని రాసిందే అంటారు. హైఫెట్జ్ వాయించలేదు. తన స్థాయికి తగ్గ కష్టం అందులో లేదనుకున్నాడని ఒక మాట వినిపిస్తుంది. కాగితాలు ఐదేళ్ళు అలాగే పడి ఉన్నాయి. 1943 నవంబర్‌లో, యుద్ధం నడుస్తుండగా, లండన్‌లో ఈడా కెర్సీ అనే ఆవిడ హెన్రీ వుడ్ కండక్టర్‌గా దాన్ని మొదటిసారి వాయించింది. బాగా వాయించింది, జనానికి నచ్చింది, రేడియోలోనూ వాయించింది. మరుసటి ఏడాది జులైలో చనిపోయింది. నలభై ఏళ్ళు. ఆవిడతోపాటే ఆ కన్సర్టో కూడా దాదాపు అటకెక్కింది.

రెండూ సమానమని నేను అనను. వాల్టన్‌ది గట్టి పని, ఎక్కడా సందు కనపడదు. బాక్స్‌ది కొంచెం వదులు, మొదటి భాగంలోనే మూడు రకాల ముక్కలు కలిపి కుట్టాడు. కానీ మధ్యలో నెమ్మదిగా నడిచే భాగం విన్నాక, ఈ రెండిటి రాత ఇంత తేడాగా ఉండాల్సిన పని లేదనిపిస్తుంది.

మీరు ఉన్న ఊరి మనిషి సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళకూడదు. శామ్యూల్ కోల్‌రిడ్జ్-టేలర్ క్రాయ్‌డన్‌లో పెరిగి, అక్కడే బతికి, అక్కడే పోయాడు. తండ్రి సియెర్రా లియోన్ నుంచి వచ్చి వైద్యం చదువుకున్న ఆఫ్రికన్, తల్లి ఇంగ్లిష్ ఆవిడ. కొడుకుని పెంచింది తల్లి. చిన్నప్పుడే వయొలిన్ నేర్చుకుని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి, స్వరకర్త స్టాన్‌ఫర్డ్ దగ్గర స్వరరచన చదివాడు. 1898లో లాంగ్‌ఫెలో కావ్యంలోని హియావాతా అనే వీరుడి పెళ్ళి విందు మీద రాసిన బృందగానంతో ఇరవై మూడేళ్ళకే దేశమంతా పేరొచ్చింది. దాని హక్కులు చిన్న మొత్తానికి ముందే అమ్ముకోవడంతో అది ఎంత ఆడినా ఆయన చేతికి డబ్బు రాలేదు. చచ్చేదాకా పాఠాలు చెబుతూ, పోటీలకి న్యాయనిర్ణేతగా తిరుగుతూ గడిపాడు.

వయొలిన్ కన్సర్టో రాసింది అమెరికన్ విద్వాంసురాలు మాడ్ పావెల్ కోసం. మొదట రాసినదాంట్లో అమెరికా నల్లజాతివాళ్ళ పాటలు, యాంకీ డూడుల్ అనే అమెరికన్ పాట వరస కలిపాడు. అది ఆవిడకీ నచ్చలేదు, తర్వాత ఆయనకీ నచ్చలేదు. దాన్ని పక్కన పడేసి కొత్తగా ఇంకోటి రాశాడు. ఓడలో పంపిన వాద్యభాగాలు దారిలో పోయాయి, మళ్ళీ రాయించి పంపాల్సి వచ్చింది. టైటానిక్‌లో మునిగాయని చెప్పే కథ మీ దాకా వస్తుంది, నమ్మకండి, ఆ ఓడ వేరు. 1912 జూన్‌లో కనెటికట్‌లో నార్ఫోక్ అనే ఊళ్ళో పావెల్ వాయించింది. రాసినవాడు తన చెవులతో వినలేదు. సెప్టెంబర్ 1న న్యుమోనియాతో పోయాడు, 37 ఏళ్ళు. అంతకు కొద్ది రోజుల ముందు కుప్పకూలింది వెస్ట్ క్రాయ్‌డన్ స్టేషన్‌లోనే. అక్టోబర్‌లో లండన్ ప్రామ్స్ కచేరీల్లో ఆర్థర్ క్యాటరాల్ వాయించాడు. 1920లో పావెల్ కూడా పోయింది. ఆ తర్వాత ఎనభై తొంభై ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

2000 దాటాక ఉన్నట్టుండి కొద్ది కాలంలోనే మూడు రికార్డులు వచ్చాయి: ఫిలిప్ గ్రఫాన్ జొహానెస్‌బర్గ్ ఆర్కెస్ట్రాతో, ఆంథనీ మార్‌వుడ్ హైపీరియన్ కంపెనీకి, లొరేన్ మెకాస్లన్ లైరిటా కంపెనీకి. నేను మార్‌వుడ్‌ది వింటాను. అందులో తోడుగా సొమర్‌వెల్ కన్సర్టో ఒకటి ఉంటుంది, దాన్ని వదిలేసినా నష్టం లేదు. కోల్‌రిడ్జ్-టేలర్ సమాధి మీకు దగ్గర్లోనే, వాలింగ్టన్ వైపు బాండన్ హిల్ శ్మశానంలో ఉంది. రాతి మీద ఆయన పాట స్వరాలు చెక్కి ఉంటాయి.

పాత వాళ్ళు పోయాక ఈ అనాథలని చేరదీసింది రికార్డు కంపెనీలు. కచేరీకి జనం రావాలి, హాలు నిండాలి. రికార్డుకి ప్రపంచం మొత్తం మీద కొన్ని వేలమంది కొంటే చాలు. రిచర్డ్ ఇటర్ 1959లో ఇంగ్లిష్ సంగీతం కోసమే లైరిటా పెట్టాడు. టెడ్ పెరీ 1980లో హైపీరియన్ పెట్టినప్పుడు డబ్బు చాలక అద్దె కారు నడిపేవాడు. కోల్చెస్టర్‌లో షాండోస్, వాట్‌ఫర్డ్‌లో డటన్, తక్కువ ధరకి నాక్సోస్. హైపీరియన్ రికార్డులు చాలాకాలం ఫోన్లో స్ట్రీమింగ్‌లో దొరికేవి కావు, 2023 నుంచి దొరుకుతున్నాయి. కాబట్టి సీడీల కోసం పరిగెత్తక్కర్లేదు.

వాయించినవాళ్ళ వెనక వెళ్ళమన్నాను కదా, అందులో ముందు రాసుకోవాల్సిన పేరు లిడియా మోర్డ్‌కోవిచ్. రష్యాలో సరాటోవ్‌లో పుట్టి, ఒడెస్సాలో పెరిగి, డేవిడ్ ఓయిస్ట్రాఖ్ దగ్గర నేర్చుకుంది. 1974లో ఇజ్రాయెల్ వెళ్ళి, 1980లో ఇంగ్లండ్‌లో స్థిరపడింది. బాక్స్, మొరాన్, డైసన్, ఆల్విన్, వీల్, ఇలా ఇంగ్లిష్‌వాళ్ళే మరిచిపోయిన కన్సర్టోలన్నీ షాండోస్‌కి వరసగా వాయించి పెట్టింది. ఆవిడ 2014లో పోయింది. విల్లు ఒత్తి వాయించే రకం, నాదం నల్లగా, చిక్కగా ఉంటుంది. ఇంగ్లిష్ సంగీతం అంటే పొగమంచు, పచ్చిక బయళ్ళు అనుకునేవాళ్ళకి ఆవిడ వాయింపు మంచి మందు. తర్వాత టాస్మిన్ లిటిల్. డీలియస్, మొరాన్, ఫింజీ, రబ్రా ఆవిడ దగ్గర వినాలి. ఇంకా మరుగున పడిన వాటి కోసం లొరేన్ మెకాస్లన్.

సరే, దారి తప్పుతున్నానన్నారు. మీకు పాశ్చాత్య శాస్త్రం రాకపోవడం దీనికి కారణం కాదు. మీ చెవి మన సంగీతానికి బాగా అలవాటుపడి ఉండటమే కారణం. మనకి తంబురా మోగుతూనే ఉంటుంది, కచేరీ మొదటినుంచి చివరిదాకా షడ్జమం కదలదు. వీళ్ళకి ఆధార శ్రుతే కదులుతూ ఉంటుంది. ఎల్గార్ కన్సర్టో బి మైనర్‌లో, అంటే బి అనే స్వరం ఆధారంగా, ఉందంటే మొదలు, చివర అక్కడ ఉంటుందని మాత్రమే అర్థం, మధ్యలో ఎక్కడెక్కడికో తిరుగుతుంది. గ్రహభేదం చేసినప్పుడు, అంటే షడ్జమాన్ని ఇంకో స్వరం మీదికి మార్చినప్పుడు, క్షణంసేపు కాళ్ళ కింద నేల జరిగినట్టు ఉంటుంది కదా, ఇక్కడ అరగంటలో అలాంటివి డజన్లకొద్దీ. అందుకని షడ్జమం కోసం వెతకడం మానేయండి. మొదటి రెండు నిమిషాల్లో వచ్చే ఒకటి రెండు స్వరపదాలు, నాలుగైదు స్వరాల చిన్న వరసలు, పట్టుకోండి. అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి, వేరే శ్రుతిలో, వేరే వాద్యంలో, సాగదీసి, ముక్కలు చేసి. వాటి వెనక నడిస్తే చాలు. ఒక్కో రోజు ఒక్క భాగమే వినండి. మొత్తం కృతి ఒకేసారి వినాలన్న నియమం ఏమీ లేదు.

మొదట మొరాన్ వినండి. ఈ జాబితాలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని కోసమే. ఎర్నెస్ట్ జాన్ మొరాన్ తండ్రి వైపు ఐరిష్ మూలాలున్నవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో తలకి గాయమైనవాడు. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ పల్లెల్లో సారా దుకాణాల్లో కూర్చుని ముసలివాళ్ళ పాటలు రాసుకునేవాడు. ఐర్లండ్‌లో కెన్మేర్ అనే చిన్న ఊరంటే ప్రాణం. 1950లో ఆ ఊరి రేవు కట్ట మీంచి నీళ్ళలో పడి చనిపోయింది కూడా అక్కడే. 1942 జులైలో ప్రామ్స్‌లో దీన్ని మొదటిసారి వాయించింది ఇందాకటి క్యాటరాలే, కండక్టర్ హెన్రీ వుడ్. మామూలుగా కన్సర్టో అంటే వేగం, నెమ్మది, మళ్ళీ వేగం. మొరాన్ తిరగేశాడు. మధ్య భాగం ఐరిష్ తిరణాల, డప్పులు, తాగినవాళ్ళ తూలుడు అన్నీ ఉంటాయి. మొదలు, చివర మాత్రం నెమ్మది. చివరి భాగం పూర్తిగా విషాదం, చప్పట్ల కోసం ఒక్క మెరుపు కూడా లేదు. విద్వాంసులు దీన్ని ఎత్తుకోకపోవడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను. గొప్పగా ముగిస్తే జనం లేచి నిలబడతారు, ఇలా ముగిస్తే ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక చూస్తారు. జానపదపు వరసలు కాబట్టి మీకు వెంటనే పట్టు దొరుకుతుంది. మోర్డ్‌కోవిచ్, లిటిల్ ఇద్దరివీ ఉన్నాయి, ముందు లిటిల్‌ది వినండి.

తర్వాత డీలియస్. 1916లో రాశాడు, 1919 జనవరి 30న సామన్సే మొదట వాయించాడు. 1944లో రికార్డూ చేశాడు. దాదాపు 25 నిమిషాలు ఆగకుండా ఒకే ఊపిరిలో సాగుతుంది. ఆర్కెస్ట్రాతో పోటీ, గెలుపు, ఓటమి ఏమీ ఉండవు, వయొలిన్ తనలో తాను ఆలోచించుకుంటున్నట్టు ఉంటుంది. ఇంగ్లిష్ శ్రోతలకి ఇదే కష్టం, ఇందులో కథ ఎక్కడని విసుక్కుంటారు. ఆలాపన వింటూ పెరిగినవాళ్ళకి ఆ బాధ లేదు. మీరు వాళ్ళకంటే ముందున్నారు.

మూడోది బెంజమిన్ బ్రిటెన్ అనే స్వరకర్తది. ఇది ఇప్పుడు మరుగున లేదు, నిజమే. కానీ మీ మొదటి ప్రశ్నకి అసలు జవాబు ఇందులో ఉంది. 1936 ఏప్రిల్‌లో బ్రిటెన్ ఒక సంగీత సభ కోసం బార్సిలోనా వెళ్ళాడు. స్పానిష్ వయొలిన్ విద్వాంసుడు ఆంటోనియో బ్రోసాతో కలిసి అక్కడ వాయించాడు. మూడు నెలలకి ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. ఈ కన్సర్టో 1939లో ముగించాడు, 1940 మార్చి 28న న్యూయార్క్‌లో బ్రోసా వాయించాడు, కండక్టర్ బార్బిరోలి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు బ్రిటెన్ అభిమానులు తప్ప ఎవరూ దీని జోలికి పోలేదు. బ్రిటెన్ దాన్ని చాలాసార్లు దిద్దుకున్నాడు, 1970లో మార్క్ లుబోట్‌స్కీతో రికార్డు చేశాడు, అయినా అంతే. తర్వాత వెంగెరోవ్ వాయించాడు, జనీన్ జాన్సెన్ వాయించింది, ఇంకొందరు అందుకున్నారు. ఇప్పుడు చదువుకునే పిల్లలు పోటీలకి కూడా ఇది తెస్తున్నారు. 1970 తర్వాత కృతిలో ఒక్క స్వరం మారలేదు, అప్పుడూ ఇదే. చివరి భాగంలో ట్రాంబోన్లు అనే ఇత్తడి బూరలు, అప్పటిదాకా నోరెత్తనివి, ఒక వరస మొదలుపెడతాయి. అక్కడినుంచి చివరిదాకా ఆ వరసే తిరుగుతూ ఉంటుంది, పైన కొత్త కొత్త రూపాలు. ఒకే పాదాన్ని పట్టుకుని నెరవల్ చేయడం విన్నవాళ్ళకి దీని పద్ధతి తేలిగ్గా అందుతుంది. జాన్సెన్ రికార్డు వినండి.

ఈ మూడూ అలవాటయ్యాక బెంజమిన్ ఫ్రాంకెల్ వయొలిన్ కన్సర్టోకి వెళ్ళండి. 1951లో రాసింది, నాజీలు చంపిన అరవై లక్షలమంది స్మృతికి అంకితం. ఫ్రాంకెల్ సినిమా సంగీతం రాసి బతికినవాడు, బహుశా అందుకే పెద్దవాళ్ళు చిన్నచూపు చూశారు. కష్టంగానే ఉంటుంది, కంగారు పడకండి. వాన్ విలియమ్స్‌ది చిన్నది, చురుకైనది, ఒక సాయంత్రం సరిపోతుంది. ఎథెల్ స్మిత్ వయొలిన్‌కి, హార్న్‌కి కలిపి రాసిన కన్సర్టో సరదాగా ఉంటుంది.

ఇక పక్కన పెట్టగలిగినవి. స్టాన్‌ఫర్డ్ కన్సర్టో చక్కగా తయారైనదే, కానీ బ్రామ్స్‌ని వినగలిగినప్పుడు ఇదెందుకు అనిపిస్తుంది. డైసన్‌ది నలభై నిమిషాలు దాటుతుంది. జార్జ్ డైసన్ హాలిఫాక్స్‌లో కమ్మరి కొడుకు, మొదటి యుద్ధంలో సైన్యానికి చేతిబాంబుల వాడకం మీద పుస్తకం రాసి, తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ పెద్ద అయ్యాడు. మనిషి కథ కన్సర్టో కంటే బాగుంటుంది. అందులో మూడో భాగం, తంత్రులన్నీ గొంతు తగ్గించి వాయించే నెమ్మది భాగం, ఒక్కటి వినండి. మిగతాది తీరిక ఉన్నప్పుడు.

వాయించగలనా అన్నారు. మొత్తం కన్సర్టో వద్దు, కొంత మాత్రం తప్పకుండా వాయించగలరు. మొదటి పని, తంత్రులు మార్చి శ్రుతి చేసుకోవడం. మీకు అలవాటైన స-ప-స-ప పనికిరాదు. కింది తంత్రి నుంచి జి, డి, ఎ, ఇ. ఒక్కో తంత్రికీ పక్కదానికీ మధ్య ఎప్పుడూ పంచమం దూరమే. మన పద్ధతిలో మధ్యలో మధ్యమం దూరం వస్తుంది కాబట్టి మొదట వేళ్ళు తడబడతాయి. వీలైతే ఇంకో చవక వయొలిన్ ఇలా శ్రుతి చేసి పెట్టుకోండి, రోజూ బిరడాలు తిప్పడం కంటే నయం. నేల మీద కూర్చుని వాయించే అలవాటు మానక్కర్లేదు, ఇంట్లో మిమ్మల్ని ఎవరూ చూడరు. గమకం మాత్రం బిగబట్టాలి. వేలు దానంతటదే ఊగుతుంది, వీళ్ళ కంపనం దానికంటే చాలా చిన్నది.

కన్సర్టో కాకపోయినా, వాన్ విలియమ్స్ రాసిన భరతపక్షి పాట, ‘లార్క్ అసెండింగ్’, మొదటి పేజీతో మొదలుపెట్టండి. అక్కడ వయొలిన్ ఒక్కటే ఉంటుంది, తాళపు గీతలే ఉండవు, స్వరాలు చాలామటుకు ఐదే. అది చేతికి వచ్చాక కోల్‌రిడ్జ్-టేలర్ రెండో భాగంలోని పాట. ఆయన హక్కుల గడువు ఎప్పుడో తీరింది కాబట్టి, వయొలిన్, పియానో కాగితాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. మీకు పాశ్చాత్య స్వరలిపి చదవడం రాకపోతే, రికార్డు విని సరిగమల్లో రాసుకోండి, ఏ తప్పూ లేదు. ఎల్గార్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, క్రైస్లర్ లాంటివాడి చేతికి కొలిచి రాసిన కృతి అది.